కలవని చుక్క

మోరూకాకా చేసిన అద్దంలో లోపం ఉందని వైజయంతి ఒక ఆదివారం పొద్దున కాలేజీ డాబా మీద నిలబడి చెప్పింది. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు. దానికి ముందు చేయవలసిన పని ఒకటుంది, మహా అయితే పది నిమిషాల పని. అది చేయలేదు. ఆ పని చేయకుండా ఏ అద్దాన్నీ తప్పు పట్టొద్దని, మండలిలో కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ చెప్పేది మళ్లీ ఆవిడే.

సాతారాలో మోరేశ్వర్ టిళేకర్ ఇల్లెక్కడ అంటే ఎవరూ చెప్పలేరు, మోరూకాకా ఇల్లంటే చెప్తారు. కళ్లజోళ్ల దుకాణంలో ముప్ఫై ఎనిమిదేళ్లు గాజు అరగదీశాడు. పని మానేశాక ఊరికే కూర్చోలేక, ఆకాశం చూసేవాళ్ల మండలికి టెలిస్కోపు అద్దాలు చేసిపెట్టడం మొదలుపెట్టాడు. పెరట్లో ఇసుక నింపిన నూనె డ్రమ్ము ఒకటి ఉండేది. దాని మీద గాజుబిళ్ల బిగించి, పైన ఇంకో బిళ్ల పెట్టి, మధ్యలో పొడి, నీళ్లు వేసి, ముందుకీ వెనక్కీ తోస్తూ డ్రమ్ము చుట్టూ తిరిగేవాడు. అలా పదకొండు అద్దాలు అయ్యాయి. పన్నెండోది ఎనిమిది అంగుళాలది, ఘాట్ మీది ఆశ్రమ పాఠశాల పిల్లల కోసం. దీనికి పద్నాలుగు నెలలు పట్టింది. కుడి భుజం పైకి లేవడం మానేసింది కాబట్టి ఇదే ఆఖరుదని కాకా ముందే చెప్పేశాడు.

వైజయంతి కాలేజీలో భౌతికశాస్త్రం ప్రయోగశాల చూసుకుంటుంది. మండలిలో అద్దాలు గొట్టాల్లో బిగించడం, వాటిని ఒక వరసకు తేవడం, ఫోకస్ సరిచూడడం ఆమె పని. ఏదైనా రెండుసార్లు కొలవందే ఒకసారి కొలిచినట్టు ఒప్పుకోదు. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఆ ఆదివారం ఆమె మాటను ఎవరూ తిరిగి అడగలేదు.

అద్దానికి ఇంకా వెండిలా మెరిసే పూత వేయించలేదు. పూతకి ముంబయి పంపేలోగా గొట్టంలో పెట్టి ఒకసారి చూడాలన్నది వైజయంతి పెట్టిన నియమం. కాకా ఇంట్లోనే అద్దాన్ని గొట్టం అడుగున దాని పీట మీద కూర్చోబెట్టి, అంచు మీద మూడు క్లిప్పులు బిగించింది. టెంపోలో తీసుకురావాలి, దారి పొడుగునా స్పీడ్ బ్రేకర్లు. తనవైపు ఉన్న క్లిప్పుకి స్క్రూడ్రైవరు ఇంకో చుట్టు తిప్పింది.

డాబా మెట్లు ఎక్కి వచ్చాక కాకా గోడకి చేయి ఆనించి ఆయాసం తీర్చుకున్నాడు.

"జల్లెడ తెచ్చావా వైజూ?"

"తెచ్చాను కాకా. దాన్ని మాస్కు అనండి. దానికీ ఓ మర్యాద ఉంటుంది."

"అట్టకి తొమ్మిది చిల్లులు పొడిస్తే మా ఇంట్లో జల్లెడే అంటారు. పద్నాలుగు నెలలు నేను నిలబడి చేసినదాన్ని నువ్వు జల్లిస్తావు. కానీ, జల్లించు."

టెంపో తెచ్చిన సుధన్వా నవ్వాడు. బ్యాంకులో గుమాస్తా అతను, మండలిలో బరువులు మోసేదీ, నవ్వించేదీ అతనే. "పెళ్లిచూపుల్లో పిల్లని నాలుగడుగులు నడవమంటారు కదా కాకా, ఇదీ అంతే. మనసులో పెట్టుకోకండి."

"నడిపించండి నాయనా. నా పిల్ల కుంటిది కాదు."

కాకా చేతిసంచీలో సాతారా పాలకోవా బిళ్లలు, కందీ పేఢాలున్నాయి. పని ముగిశాక పంచమని కాకా భార్య శైల, అందరికీ కాకూ, ఇచ్చి పంపింది.

నక్షత్రం కోసం రాత్రిదాకా ఆగే అలవాటు వైజయంతికి లేదు. మైదానం అవతల హాస్టలు నీళ్లట్యాంకు మీద నల్లగుడ్డ పరిచి, దాని మీద సైకిలు బేరింగు గోళీ ఒకటి అంటించి ఉంచింది. ఎండ తగలగానే గోళీ మీద సూదిమొనంత వెలుగు పుడుతుంది. అంత దూరం నుంచి చూస్తే అది నక్షత్రమే. శీతాకాలపు పొద్దున గాలి కదలకముందు గంటసేపు ఆ చుక్క నిలకడగా ఉంటుంది.

గొట్టం మూతి మీద అట్ట మాస్కు తొడిగింది. అంచు చుట్టూ ఆరు రంధ్రాలు, లోపలి వరసలో మూడు, ఒక్కోటీ రూపాయి బిళ్లంత. ఒక్కోదాని పక్కన పెన్సిలుతో అంకె. ఫోకస్ కుదరనప్పుడు ఒక్కో రంధ్రం ఒక్కో చుక్కను చూపిస్తుంది, అంటే ఒకే నక్షత్రం తొమ్మిదిగా కనబడుతుంది. ఫోకస్ దగ్గరికి వస్తున్నకొద్దీ తొమ్మిదీ దగ్గరవుతాయి. సరిగ్గా కుదిరిన చోట ఒక్కటవుతాయి. ముందు చుక్కల గుంపు ఒక పక్కకి ఒరగకుండా గుండ్రంగా వచ్చేదాకా అద్దం వెనక ఉన్న మూడు మరలను కొద్దికొద్దిగా తిప్పింది. అది కుదిరాక కంటి కటకం దగ్గరి చక్రం పట్టుకుని చుక్కలను లోపలికి లాక్కొచ్చింది.

ఎనిమిది కలిశాయి. ఒకటి కలవలేదు.

చక్రాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఆ ఒక్కటీ ఆవగింజంత ఎడంగా నిలబడిపోయింది. దాన్ని కలపబోతే మిగతా ఎనిమిదీ విడిపోతున్నాయి. కన్ను తీయకుండానే చేయి చాచి ఒక్కో రంధ్రాన్నీ వేలితో మూసింది. నాలుగోది మూసినప్పుడు ఒంటరి చుక్క మాయమైంది.

అప్పుడు ఆమె గుండెలో చిన్న సంతోషం కలిగింది. తర్వాత రోజుల్లో అద్దం సంగతి కన్నా ఆమెను ఎక్కువ బాధపెట్టింది ఆ సంతోషమే. దసరా సమావేశంలో కాకా అందరి ముందూ ఒక మాట అన్నాడు: "నేను అద్దాలు చేస్తాను, మా వైజూ కొలతలు తీస్తుంది." అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఇంటికి వెళ్లి జొన్నపిండి కలుపుతూ ఆ మాటే తలుచుకుంది. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనికి అదేనా పేరు? ఇప్పుడు కొలత ఒకటి దొరికింది, అద్దాలు చేసేవాడి కంటికి చిక్కనిది.

"కాకా, ఒక పక్క అంచు సరిగా లేదు."

"ఏ పక్క?"

"నాలుగో రంధ్రం కింద. ఒక చుక్క కలవడం లేదు. మీరూ చూడండి."

కాకా వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "నా బ్లేడుకి ఇది కనబడలేదే," అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. ఇంట్లో చీకటి గదిలో అద్దాన్ని చెక్కస్టాండు మీద నిలబెట్టి, చిన్న దీపం పెట్టి, వెనక్కి వచ్చే వెలుగుకి గడ్డం గీసుకునే బ్లేడు అడ్డుపెట్టి, అద్దం మీద పడే నీడను చూస్తాడాయన. పదకొండు అద్దాలూ అలా చూసినవే.

"బ్లేడు పరీక్షలో ఒక్కోసారి అంచు తప్పించుకుంటుంది కాకా." పాఠం చెప్పినట్టు చెప్పింది.

కాకా తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వు చూశావంటే ఉన్నట్టే," అన్నాడు. "దించండి. ఇంకా పూత వేయలేదు, అదే నయం. చేయొచ్చు."

పేఢాల సంచీ అలాగే వెనక్కి వెళ్లింది.

పది రోజులు పోయాక కాకూ నుంచి ఫోను వచ్చింది.

"ఏమ్మా వైజూ, ఆ మనిషికి ఏం చెప్పి పంపావు? భుజానికి వేడినీళ్ల సంచీ కట్టుకుని గానుగెద్దులా తిరుగుతున్నాడు. తిండికి పిలిస్తే 'అంచు, అంచు' అంటాడు. ఏ అంచుట? నా చీరలకి లేని అంచు దానికెందుకు?"

"కాస్త ఆగి చేయమనండి కాకూ. తొందరేం లేదు."

"నువ్వు చెప్పు. నీ మాటైతే వింటాడు. వినబట్టే ఈ తిరుగుడు."

ఆ సాయంత్రం వెళ్లింది. పెరట్లో కాకా స్వెట్టరు మీద పాత కోటు వేసుకుని అద్దాన్ని తోస్తున్నాడు. చలికి తారు, రోజనం కలిపి పోసిన పాలిష్ దిమ్మ రాయిలా గట్టిపడితే, గోరువెచ్చని నీళ్లు పోసి మెత్తబరుస్తున్నాడు. ఎర్రపొడి నీళ్లు ఆయన మణికట్టు దాకా కారి ఎండిపోయాయి.

"అంచు దారికి తెద్దామని చూస్తే నడుమ దిగిపోయింది వైజూ. నడుమను చూస్తే మధ్యవరస లేచింది. ఇదివరకు చేతికి తెలిసేది, ఎక్కడ ఆపాలో. ఇప్పుడు భుజం నొప్పి తప్ప ఇంకేం తెలియడం లేదు."

"కొన్నాళ్లు ఆపండి కాకా."

"ఆపితే మళ్లీ మొదలుపెట్టగలనా?" తువ్వాలు తడిపి చేతులు తుడుచుకున్నాడు. "నాకు వింతగా ఉన్నది ఇది కాదు. పోయిన నెల బ్లేడు పెట్టి చూస్తే నీడ ఎంత నున్నగా వచ్చిందనుకున్నావు! లోపమంతా పెట్టుకుని అంత నున్నగా ఎలా వచ్చింది? నా కంట్లోనే ఏదో తేడా వచ్చి ఉంటుంది. శుక్లమేమో. అలాంటి కన్నుతో ఇన్నాళ్లూ ఏమేం చూశానో, ఎవరికి ఏ అద్దం అంటగట్టానో."

"అలా అనకండి. అవన్నీ బాగున్నాయి."

"నువ్వు జల్లెడ పెట్టి చూశావా వాటిని?"

చూడలేదు. మాస్కు చేసి ఆరునెలలే అయింది. టీ తాగి వచ్చేసింది. ఆ రోజైనా అడిగి ఉండొచ్చు, అప్పుడైనా ఆలోచించి ఉండొచ్చు. చీకటి గది స్టాండు మీద అద్దం వదులుగా నిలబడి ఉంటుంది, దాన్ని ఎవరూ బిగించరు. గొట్టంలో బిగిస్తారు. రెండు పరీక్షలు రెండు మాటలు చెప్తున్నప్పుడు రెండింటికీ ఉన్న తేడా ఏమిటని తన విద్యార్థులనైతే అడిగేది. తనను తాను అడుక్కోలేదు.

పుష్యమాసంలో కాకా ఇక చేతకాదన్నాడు. "నడుమ పాడైంది. అంచైనా కుదిరిందేమో చూసి చెప్పు," అని అద్దాన్ని సుధన్వాతో పంపించాడు, తను రాలేదు.

ఈసారి అద్దాన్ని పీట మీద పెట్టింది సుధన్వా. వైజయంతి పోయినసారిలాగే క్లిప్పులు వేసింది. మొదటి రెంటినీ తిప్పింది. మూడోదాని మర పాతచోటే ఉండిపోయింది, పోయినసారి తిప్పినంతా అలాగే ఉంది. అద్దం దాని కిందికి బిగుతుగా, కిర్రుమంటూ వెళ్లింది. ఆ చప్పుడు ఆమె విన్నది. విని కూడా డాబా మీదికి వెళ్లిపోయింది.

గోళీ మీద ఎండ పడింది. తొమ్మిది చుక్కలు వచ్చాయి. వరస సరిచేసి లోపలికి లాగితే, లోపలి మూడూ కాకా చెప్పినట్టే దారి తప్పాయి. బయటి ఆరింటిలో ఐదు కలిశాయి. ఒకటి ఎడంగా నిలబడింది. మూసి చూస్తే నాలుగోదే. అంతే ఆవగింజంత.

"ఇరవై మూడు రోజులు అరగదీస్తే ఒక్క వెంట్రుకవాసైనా కదలాలి కదా," అంది పైకే.

"మొండి అంచు తాయీ," అన్నాడు సుధన్వా. మండలిలో చిన్నవాళ్లకి ఆమె తాయీ, అంటే అక్క.

ఆమె గొట్టం అడుగుకి వెళ్లి వంగి చూసింది. అద్దం వెనక కాకా నల్లరంగుతో గీసుకున్న బాణం గుర్తు ఉంటుంది. పోయినసారి తను పెట్టినప్పుడు అది పైకి చూసింది. ఇప్పుడు పక్కకి చూస్తోంది.

"నువ్వు దీన్ని తిప్పి పెట్టావా?"

"తిప్పడమేంటి, చేతికి ఎలా వస్తే అలా పెట్టాను. తప్పా?"

అద్దం తిరిగింది, లోపం తిరగలేదు. లోపం అద్దంతో పాటు తిరిగితే అద్దానిది, తిరగకపోతే గొట్టానిది. అద్దాన్ని తిప్పి మళ్లీ చూడండి, ఆ తర్వాత మాట్లాడండి అని ఆమె అందరికీ చెప్పే పది నిమిషాల పని సుధన్వా చేతిలో ఇవాళ తనంతట తనే జరిగిపోయింది.

ఆమె పర్సులోంచి బస్సు టికెట్టు తీసి మూడో క్లిప్పు కిందికి దూర్చబోయింది. వెళ్లలేదు. మిగతా రెంటి కిందా సులువుగా వెళ్లింది. స్క్రూడ్రైవరు అడిగింది. మర పావుచుట్టు వదులు చేసి వచ్చి చూసింది. బయటి ఆరు చుక్కలూ ఒక్క చుక్కగా ఉన్నాయి. క్లిప్పు వేలెడంత ఇనుపరేకుతో అద్దాన్ని పీటకేసి నొక్కుతుంటే గాజు ఆ మూల వంగింది. నాలుగో రంధ్రం సరిగ్గా ఆ రేకు పైన ఉంది. పద్నాలుగు నెలల పనిలో లోపం లేదు, ఆ ఇరవై మూడు రోజులు చేసినదే లోపం.

సుధన్వా కూడా చూశాడు. తర్వాత ఆమె పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"కాకాకి చెప్పకు తాయీ."

"ఏమంటున్నావు?"

"చెప్పి ఏం లాభం? అద్దం ఎలాగూ పోయింది. ఇప్పుడు తన కన్ను ముసలిదైందని అనుకుంటున్నాడు, వయసు కదా, సర్దుకుంటాడు. చెప్పావనుకో, బంగారం లాంటి అద్దాన్ని తన చేతులతో తనే చెరుపుకున్నానని తెలుస్తుంది. అది సర్దుకుంటాడా?"

"చెప్పకపోతే చచ్చేదాకా తన కంటిని నమ్మడు."

"నువ్వు తేలికపడడానికి చెప్తున్నావేమో చూసుకో."

ఆ మాట ఆమెకు తగిలింది. అద్దాన్ని పాత దుప్పటిలో చుట్టి తనే తీసుకెళ్లింది, సుధన్వాను రావద్దంది.

కాకా వసారాలో ఎండకి కూర్చుని ఉన్నాడు. కాకూ గుమ్మం దగ్గర మెంతికూర వలుస్తోంది. వైజయంతి చెప్పులు విడిచి నేల మీద కూర్చుని అద్దాన్ని ఒళ్లో పెట్టుకుంది. దారంతా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూ వచ్చింది, అనుకున్నది ఏదీ గుర్తుకి రాలేదు.

"కాకా, అంచులో తప్పు లేదు. మొదటిసారీ లేదు. క్లిప్పు నేనే ఎక్కువ బిగించాను."

కాకూ చేతిలో మెంతికాడ ఆగిపోయింది.

"తిప్పి చూడలేదా?" అన్నాడు కాకా.

"లేదు."

"నువ్వే కదా అందరికీ చెప్పేది."

"నేనే."

"మరెందుకు చూడలేదు?"

నిజం చెప్పడానికి వచ్చాక సగం చెప్పడం ఆమెకి చేతకాలేదు. "మీ బ్లేడుకి చిక్కనిది నాకు చిక్కిందని సంబరపడ్డాను కాకా. తిప్పి చూస్తే పోతుందేమోనని కూడా అనిపించలేదు. అసలు అది గుర్తుకే రాలేదు."

"చూశారా!" అంది కాకూ. "ఇరవై రోజులు ఆ చలిలో... రాత్రుళ్లు భుజం పట్టుకుని మూలుగుతుంటే నేను కదమ్మా నూనె రాసింది."

"నువ్వుండవే," అన్నాడు కాకా మెల్లగా. అద్దం కోసం చేయి చాచాడు, ఎడమచేయి. దుప్పటి తీసి వెలుగుకి పట్టి చూశాడు. కంటికి అందులో ఏ లోపమూ కనబడదు, గుంటలో వసారా తలకిందులై తేలుతోంది.

"అయితే మొదట ఇది బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉంది."

"ఎంత బాగుంది?"

వైజయంతి దాన్ని బాగున్నప్పుడు చూడనేలేదు. తను చూసింది బిగించిన అద్దాన్ని, ఆ తర్వాత చెరిగిన అద్దాన్ని. బిగించకముందు దాన్ని చూసింది ఒక్క కాకా కన్ను, అదీ చీకటి గదిలో.

"నీడ నున్నగా వచ్చింది," అన్నాడు కాకా ఆమె కోసం ఆగకుండా. "ముప్ఫై ఎనిమిదేళ్లు దుకాణంలో, తొమ్మిదేళ్లు ఈ పెరట్లో, ఎప్పుడూ అలా రాలేదు. శైలని పిలిచాను, వచ్చి చూడవే అని. చేతులకి పిండి ఉంది, తర్వాత చూస్తానంది."

కాకూ తల వంచుకుని మెంతాకులు ఏరసాగింది.

"మీరు చెప్తూ ఉండండి, నేను తోస్తాను," అంది వైజయంతి. "ఆరు నెలలు పట్టనీ. కాలేజీ అయ్యాక రోజూ వస్తాను."

కాకా ఆమె చేతులకేసి చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. "ఇది చెప్తే వచ్చేది కాదు వైజూ. నాకు చెప్పేందుకూ ఓపిక లేదు. పూతకి పంపించెయ్. పిల్లలకి చంద్రుడు కనబడతాడు."

చంద్రుడు కనబడతాడు, అది నిజమే. శని చుట్టూ వలయం కూడా కనబడుతుంది. వలయం మధ్యలో ఉండే సన్నని నల్లగీత కనబడదు. అది ఉండాలని కూడా ఘాట్ మీది పిల్లలకి తెలియదు.

లేచి చెప్పులు వేసుకుంటుంటే కాకా వెనకనుంచి పిలిచాడు. "లోపం ఉందని మండలిలో అందరికీ చెప్పావు కదూ?"

"చెప్పాను కాకా. ఇదీ చెప్తాను, వచ్చే ఆదివారం."

"చెప్పు." కాకా కళ్లు మూసుకుని ఎండకి మొహం తిప్పుకున్నాడు.

ఆదివారం పద్నాలుగు మంది వచ్చారు. వైజయంతి నల్లబల్ల మీద అద్దం, మూడు క్లిప్పులు, తొమ్మిది రంధ్రాలు గీసి, ఏం జరిగిందో వరసగా చెప్పింది. క్లిప్పు బిగించిన చేయి ఎవరిదో, తిప్పి చూడనిది ఎవరో, ఎవరి పేరూ దాచకుండా చెప్పింది. సుధన్వా చివరి బెంచీలో నేల చూస్తూ కూర్చున్నాడు. కొత్తగా చేరిన ఒకమ్మాయి నోటుపుస్తకంలో అంతా రాసుకుంటోంది.

"తాయీ, మరి ఆ అద్దం మొదట ఎంత బాగుండేది?" అని అడిగింది. "మన మిగతా వాటికన్నా బాగుండేదా?"

"నాకు తెలియదు," అంది వైజయంతి. "నేను చూడలేదు. చూసినాయన ఇవాళ రాలేదు."